దుర్భిణిలో ముల్లు నిలబెట్టింది నేను

నెల్లూరు స్టేషన్లో దిగి లారీలో ముత్తుకూరు దాటేసరికి పొద్దున ఎనిమిదయింది. కాలవ దగ్గర రోడ్డు ఆగిపోయింది. సామాను పడవల్లో అవతలి గట్టుకి చేర్చి, ఇసుకలో నడక మొదలుపెట్టాం. వీపున సంచి, భుజాన రైఫిల్, నడుముకి నీళ్లసీసా, బూట్ల నిండా ఇసుక. చైనా యుద్ధం అయిన మరుసటి వేసవి అది. మా కంపెనీని ఫైరింగు క్యాంపుకని అక్కడికి పంపారు. తూర్పున సముద్రం, పడమర సరుగుడు తోపు, మధ్యలో ఉత్తరం వైపుకి సాగిన ఇసుకదిబ్బలు. దిబ్బల చివర మట్టిగోడ కట్టి టార్గెట్లు నిలబెట్టారు. గోడ వెనక ఒంటరిగా ఒక తాటిచెట్టు. ఆ చెట్టుని గుర్తుంచుకోండి.

మధ్యాహ్నం పన్నెండుకి సముద్రపు గాలి లేచేది. సాయంత్రం దాకా అన్నంలో ఇసుక, కళ్లల్లో ఇసుక. రైఫిల్‌కి పూటపూటకీ నూనె రాయకపోతే ఉప్పుగాలికి తుప్పు పట్టేది.

కంపెనీ మొత్తానికి దుర్భిణి బిగించే రైఫిల్ ఒక్కటే ఉంది. క్యాంపు ముగిసేలోగా అది ఎవరికి ఇస్తే వాడు బ్రిగేడు పోటీలకి పోతాడు. దుర్భిణి లేకుండా, గొట్టం మీదుండే మామూలు సైటుతో నా గురికి కంపెనీలో సాటి లేదు. కావాలంటే అప్పటి వాళ్లని అడగండి, బతికున్న వాళ్లు చెబుతారు. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. అయినా ఆ రైఫిల్ మీద ఇంగ్లీషులో ఉన్న చిన్న పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడుసార్లు చదివాను. ఆ రైఫిల్ నాదనుకున్నాను. అనుకోవడం ఏమిటి, నాదే.

అడ్డొచ్చినవాడు కావలి భాయ్. వాళ్ల నాన్న కావలి బజారులో గడియారాలు బాగుచేసే సాయిబు. సర్వీసులో నాకన్నా రెండేళ్లు చిన్న. ఎప్పుడూ నవ్వు మొహమే. వంటవాడు వాడికి అడక్కుండానే రెండో గరిటె పప్పు వేసేవాడు. నేను అడిగితే గిన్నె గీకి చూపించేవాడు. వాడు నన్ను "అన్నా" అని పిలిచినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

దుర్భిణి డిపో నుంచి వచ్చేలోపల దారిలో మరలు వదులయ్యాయి. ఆయుధాల మిస్త్రీ జ్వరంతో నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నాడు. మా సుబేదారు చిత్తూరు మనిషి. "ఎవురికిరా ఇది బిగించేది తెలిసింది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే భాయ్ దుప్పటి పరిచి కూర్చున్నాడు.

"ఇది పెద్ద గడియారం, అంతే గదా సాబ్. ముల్లుని పన్నెండు మీద నిలబెడితే అయిపోయె."

మీకు ఒక్క సంగతి చెప్పాలి. ఆ దుర్భిణిలో చూస్తే కింద నుంచి పైకి మొనదేలిన ముల్లొకటి, దానికి అడ్డంగా సన్నటి తీగ కనబడతాయి. రైఫిల్ నిటారుగా ఉంటే ముల్లూ నిటారుగా ఉండాలి. కొంచెం వాలినా వంద గజాల్లో తేడా తెలియదు. దూరం పెరిగితే పైనున్న చక్రం తిప్పి తూటాని ఎత్తుకోవాలి. ముల్లు వాలి ఉంటే తూటా పైకి పోతూ పోతూ ఆ వాలిన వైపుకే జరిగిపోతుంది. మీరు ఇల్లు కట్టించినప్పుడు మేస్త్రీ గోడకి గుండు వేలాడదీసి చూస్తాడే, అదే లెక్క. నేను చిన్నప్పుడు నాయుడుపేటలో మా మేనమామ వెంట గోడల పనికి పోయినవాణ్ణి. నాకు తెలియదా?

భాయ్ గుండూ వేయలేదు, మట్టమూ పెట్టలేదు. ఒక కన్ను మూసి, మట్టిగోడ వెనకున్న తాటిచెట్టుకి ముల్లుని ఆనించి మరలు బిగించేశాడు. సముద్రపు గాలి పడే తీరంలో నిటారుగా నిలబడిన చెట్టు ఎక్కడైనా ఉంటుందా? అది పడమటికి, అంటే మాకు ఎడమకి, వాలి ఉంది. రోజూ చూసే కన్నుకి అదే నిటారు.

వంద గజాల్లో భాయ్ కాల్చిన ఐదు తూటాలూ రూపాయి బిళ్ల మూసేంత జాగాలో పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఐదు వందల గజాలకి వెనక్కి పోయాం. మట్టిగోడ దగ్గరి టెలిఫోను మనిషి చెప్పాడు.

"ఎడమకి జానెడు. ఓవర్."

ఇంకో తూటా.

"మళ్లీ ఎడమే. జానెడే. ఓవర్."

"గాలి సాబ్," అన్నాడు భాయ్.

"గాలే," అన్నాడు సుబేదారు.

"గాలి కాదు సాబ్, ముల్లు వంకర!" అని అరిచాను. అందరూ నవ్వారు.

"అన్నకి ఈ రైఫిల్ మీద కన్ను పడిందబ్బా," అన్నాడు వంటవాడు.

మర్నాడు పొద్దున ఆరుకి, ఆకు కూడా కదలని వేళ, సుబేదారు నా పోరు పడలేక భాయ్ చేతనే మళ్లీ కాల్పించాడు. ఎడమకి జానెడు. గాలి ఏది? ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఏందిరా నీ లెక్క, చూపించు," అన్నాడు సుబేదారు.

చూపించాను. లెట్రిన్లు కడుతున్న మేస్త్రీ దగ్గర జేబులో పట్టే రసమట్టం అడిగి తెచ్చాను. ముందు ఆ మట్టాన్నే పరీక్షించాను. ఇటు పెట్టి, అటు తిప్పి పెట్టి చూశాను. రెండుసార్లూ బుడగ ఒకే చోట నిలిచింది. ఇసుక మూటల మధ్య రైఫిల్ని పట్టించి, బోల్టు తీసి, లోపలి చదును మీద ఇనుప స్కేలు అడ్డంగా పెట్టి, దానిమీద మట్టం ఉంచాను. బుడగ మధ్యకి వచ్చేదాకా మూటలు సర్దాను. జాలరిపాలెం నుంచి వల అంచుకి కట్టే సీసపు గుండ్లు తెచ్చి, సున్నం రుద్దిన మందపాటి దారానికి కట్టి, యాభై గజాల అవతల గుంజకి వేలాడదీశాను. గుండు ఊగకుండా బకెట్ నీళ్లలో ముంచాను.

"ఇప్పుడు చూడండి సాబ్."

సుబేదారు పడుకుని చాలాసేపు చూశాడు.

"దారం ఒక దిక్కు, ముల్లు ఒక దిక్కు పోతా ఉండాయి గదరా."

భాయ్ కూడా చూశాడు. "అవునన్నా. నేను చెట్టుని నమ్మినా," అన్నాడు. సిగ్గుపడినట్టు నవ్వాడు. ఆ నవ్వుకి కూడా నలుగురు కరిగిపోయారు!

నేను మరలు వదులు చేసి, దుర్భిణిని వెంట్రుకవాసి, వెంట్రుకవాసిగా తిప్పాను. ముల్లు వచ్చి దారం మీద ఒదిగింది. రెండూ ఒకటైపోయాయి. మరలు ఒకదాని తరవాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాను, కదలకుండా. మళ్లీ చూశాను. అట్లాగే ఉంది.

"సరిపోయిందా?"

"సరిపోయింది సాబ్."

"శభాష్. ఇట్లా తే." నా చేతిలోంచి తీసుకుని భాయ్ చేతిలో పెట్టాడు. "ఏసి చూపించు."

భాయ్ పడుకుని కాల్చాడు. టెలిఫోను మోగింది.

"మధ్యలో. ఓవర్."

"మధ్యలోనే. ఓవర్."

అన్నీ మధ్యలోనే.

"సాబ్, నాకొక్క ఐదు రౌండ్లు ఇప్పించండి. నేనూ కాలుస్తా," అన్నాను.

"మన వంతు తూటాలు ఈడికి అయిపోయినాయి. కొలత నీది, గురి వాడిది. రెండూ నీకే కావల్లంటే ఎట్లరా?"

ఎందుకు కాకూడదు? ఇద్దరికీ చెరో ఐదు పంచి ఉంటే ఆ గురి ఎవరిదో తేలిపోయేది కదా? అరవై ఏళ్ల నుంచి అడుగుతున్నాను, ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ సాయంత్రం భాయ్ టీ మగ్గు పట్టుకుని నా గుడారంలోకి వచ్చాడు. "నీ దారమే నన్ను నిలబెట్టిందన్నా," అన్నాడు.

"ఆ మాట పొద్దున అందరి ముందర చెప్పుండొచ్చు గదా?"

"అడిగుంటే చెప్పుందును అన్నా."

అడగాలట! టీ మాత్రం తాగాను. బాగానే ఉంది, అదీ వాడే పెట్టాడు.

బ్రిగేడు పోటీల్లో వాడు కప్పు తెచ్చాడు. నేను సర్వీసు ముగించుకుని నాయుడుపేటలో రైలు దిగాను. భుజాన ఇనప్పెట్టె, చేతిలో గొడుగు. కంపెనీ వాళ్లు ఎక్కడ తగిలినా ఈనాటికీ ఒకటే మాట: కావలి భాయ్‌ది ఏం కన్నురా! కన్నట, కన్ను! చెట్టు వాలితే వాలిందని తెలియని కన్ను.

ఆ దుర్భిణిలో నేను చూసింది ఆ ఒక్క పొద్దునే. ఇప్పుడు శుక్లాలు ముదిరి ఎదుటి మనిషి మొహం కూడా సరిగా ఆనదు. కళ్లు మూసుకుంటే మాత్రం తెల్లటి దారం, దానిమీద నల్లటి ముల్లు, వెనక ఇంకా గాలి లేవని ఇసుక. నా వేలు ట్రిగ్గరు పక్కనే ఉంది. రైఫిల్లో తూటా లేదు.