మా మామ స్టీరింగ్ ఊడదీసిన పొద్దు

మా మామగారు మొన్న తెల్లవారుజామున పోయారు. ముందురోజు సాయంత్రం కూడా గులాబీ కుండీలకు నీళ్లు పట్టారు. నిద్రలోనే పోయారని డాక్టర్ చెప్పాడు. ఉప్పల్ నుంచి, చిల్కానగర్ నుంచి ఆయన దగ్గర మొక్కలు కొన్నవాళ్లు వచ్చారు. మా నర్సరీలో మొక్కలను చూస్తూ నిలబడ్డారు.

ఆయన ఉప్పల్‌లో ఒక పెద్ద ఆఫీసు తోటలో మాలీగా చేసి, రిటైరయ్యాక నాచారంలో ఈ నర్సరీ పెట్టారు. ఎండిన మొక్కను చచ్చిందని అననిచ్చేవారు కాదు. "అలిగిందను. గోరుతోని గీకి సూడు, లోపట పచ్చగుంటే ఇంకా మనదే" అనేవారు. చాయ్ సాసర్‌లో పోసుకుని మొక్కల మధ్య నిలబడే తాగేవారు. కూర్చుని తాగితే చాయ్ తప్ప ఇంకేం కనబడదట.

పెళ్లై వచ్చిన కొత్తలో నేను ఆయనతో మాట్లాడేదాన్ని కాదు. మా వైపు కోడళ్లు మామ ఎదుట కూర్చోరు, నోరు విప్పరు. అన్నం పెట్టి తలుపు వెనక్కి వెళ్లేదాన్ని. ఏదైనా చెప్పాలంటే అత్తకు చెబితే అత్త చెప్పేది.

ఆఫీసువాళ్లు వేలం వేసిన గడ్డి కోసే చిన్న ట్రాక్టర్‌ను మామ కొనుక్కొచ్చి వెనకాల ట్రాలీ తగిలించారు. మట్టి, ఎరువు, కుండీలు అన్నీ దాని మీదే వచ్చేవి. ఒక వానాకాలం స్టీరింగ్ కింద కడ్డీని పట్టి ఉంచే బుష్ అరిగిపోయి, బండి తిప్పిన వైపు తిరగక రోడ్డు పక్క మురికినీళ్ల మోరీలో పడింది. మా ఆయన మణికట్టు బెణికింది. కొత్త బుష్ దొరికింది కానీ, అది వేయాలంటే ముందు స్టీరింగ్ ఊడాలి. అదేమో తుప్పు పట్టి కడ్డీకి అతుక్కుపోయింది. మెకానిక్ చూసి, కోసేయడమే అన్నాడు. కోస్తే అంత పాత బండికి ఇంకో స్టీరింగ్ దొరకదు.

"పాత ఇనుము కింద కబాడికి ఏసేద్దాం బాపూ. రేపు పొద్దుగాల వస్తనన్నడు. ఈ నర్సరీ ఇడిసిపెట్టి నేను కంపెనీల చేర్త" అన్నారు మా ఆయన.

"రేపటి దాక నాదే గదా" అని మామ లేచి కిరోసిన్ డబ్బా తెచ్చారు.

సాయంత్రమంతా నట్టు చుట్టూ కిరోసిన్ పోశారు. తెల్లారి పానాతో నట్టు వదులు చేశారు, పూర్తిగా తీయలేదు. తీస్తే సుత్తె దెబ్బకు కడ్డీ మరలు పోతాయి, స్టీరింగ్ ఒక్కసారిగా ఊడి లాగేవాళ్ల మొహానికి తగులుతుంది. ఇక ఒకరు సీటు మీద కూర్చుని దాన్ని పైకి లాగి పట్టాలి, ఒకరు నట్టు మీద కొట్టాలి. మా ఆయన చేతికి కట్టు ఉంది.

"అమ్మా, నువ్వెక్కు" అన్నారు మామ.

నేను అత్త వైపు చూశాను.

"మామ నిలబడాలె, కోడలు గద్దె మీద కూసోవాలె. మంచిగున్నది కాలం" అంది అత్త.

"మరి నువ్వెక్కుతవా?"

"నా మోకాళ్లు ఎక్కనిస్తయా?"

"గట్లయితే చాయ్ పెట్టుపో. బండి మీద కోడలు గిట్ల ఉండదు, డ్రైవరే."

ఎక్కాను. కొంగు బిగించి, మోకాళ్లు స్టీరింగ్ కింద ఆనించి పైకి లాగాను. ఆయన నట్టు మీద ఇత్తడి ముక్క పెట్టి కొట్టారు.

"కదిలిందా?"

లేదని తల ఊపాను. ఆయన చూపు దెబ్బ మీదే ఉంది. మళ్లీ అడిగారు. మళ్లీ ఊపాను.

"తల ఊపితే సుత్తెకు గనవడదు బిడ్డా. నోటితోని చెప్పు. అది సడలింది నీ చేతులకే ఎరుకైతది, నాకు గాదు. సడలినంక గూడ కొడితే మరలు ఖరాబైతయ్."

కబాడి అతని బండి గేటు దగ్గర ఆగింది. మామ కొడుతూనే ఉన్నారు. నా అరచేతుల కింద ఏదో చిన్నగా జారింది.

"ఆగుండ్రి మామా. కదిలింది."

సుత్తె గాలిలోనే ఆగింది. అత్త చాయ్ గిన్నెతో గడపలో నిలబడిపోయింది. మామ నట్టు తీసి, స్టీరింగ్‌ను ఎత్తి నా ఒళ్లో పెట్టారు. కబాడి అతనికి చాయ్ తాగించి పంపారు.

ఆ బండి ఇప్పటికీ నడుస్తోంది. మా ఆయన ఏ కంపెనీలోనూ చేరలేదు.

ఆ పొద్దు నేను వాకిట్లో స్టీరింగ్ తుప్పును కిరోసిన్‌తో కడుగుతుంటే, మామ బోర్లించిన కుండీ మీద కూర్చుని బీడీ నోట్లో పెట్టుకున్నారు.

"కిరోసిన్ ఉన్నది మామా" అన్నాను.

ఆగారు. నేను మాత్రం ఆగలేదు. మా ఊరి బావి గురించి, చెల్లెలి గురించి, మా నాయనను పొడిచిన కోడె గురించి, ఎందుకో అన్నీ చెబుతూనే ఉన్నాను. ఆయన అగ్గిపెట్టె మూసి, ముట్టించని బీడీని వేళ్ల మధ్య పట్టుకుని, అలాగే వింటూ కూర్చున్నారు.