తీగ ముక్క ఇవ్వని మామయ్య

మా మామయ్య ఏదడిగినా ఇస్తాడు, మిరియాల తీగ ముక్క తప్ప. ఈ మాట చుట్టాలందరికీ చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. అయినా ఎవరికి తీగ నాటుకోవాలనిపించినా ముందు నా దగ్గరికే వస్తారు. "నువ్వంటే ఆయనకి ప్రాణం కదమ్మా, నువ్వడిగితే కాదనడు" అంటారు. నేను వెళ్తాను, ఆయన కాదంటాడు, నేను తిరిగొస్తాను. పదేళ్లుగా ఇదే నా ఉద్యోగం, జీతం ఒక్కటే తక్కువ.

మనిషి పిసినారి అనుకునేరు! పక్కింటి టైలరు "గొడుగు బాగుందండీ" అంటే గొడుగు ఆయన చేతిలో పెట్టి, తను వానలో తడుస్తూ ఇంటికొచ్చిన రకం. మిరియాలు అడిగితే డబ్బాతో సహా ఇచ్చేస్తాడు. తీగ దగ్గరికొచ్చేసరికే ఎక్కడలేని సాకులు.

"కత్తికి పదును లేదమ్మా."

"నేను తెచ్చాను మామయ్యా."

"ఎండ మండిపోతోంది కదే."

"మబ్బు పట్టింది, పైకి చూడు."

"అదే చెబుతున్నా, మబ్బులో అసలు కొయ్యకూడదు."

ఒకసారి టైలరు వచ్చి అడిగితే, తీగకి ఒంట్లో బాగాలేదన్నాడు. వీధి వీధంతా వారం రోజులు నవ్వుకుంది.

అందరికంటే మా అమ్మ కోపం పెద్దది. ఆ తీగ అసలు ఆవిడదే. ముప్పై ఏళ్ల కిందట తన పెరట్లో కోసి, తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లి అన్నయ్యకి ఇచ్చింది. తర్వాత అమ్మ తీగలు గిడసబారి చచ్చిపోయాయి. నేల మంచిది కాదని ఆవిడ తీర్మానం. చెయ్యి మాత్రం మంచిదేనట. "నా చేత్తో ఇచ్చిన మొక్క బతక్కపోవడమంటూ లేదు" అని ఇంటికొచ్చిన గ్యాసు మనిషికి కూడా చెబుతుంది.

ఈ ఏడు నేను బడి ఉద్యోగం మానేసి అరెకరంలో మిరియాలు వేద్దామని దిగాను. తీగ పాకడానికి చెట్లు సిద్ధం, గుంటలు సిద్ధం. వానలు మొదలయ్యాయి. ఈ అదను తప్పితే ఏడాది చేతులు ముడుచుకుని కూర్చోవాలి.

"మన తీగే నాటు" అంది అమ్మ.

"మామయ్య ఇవ్వడమ్మా."

"ఇవ్వకపోతే కోసుకురా. నా తీగ నేను తెచ్చుకుంటే దొంగతనమెలా అవుతుంది?"

వాదించే ఓపిక లేక సరేనన్నాను. మామయ్య మధ్యాహ్నం కునుకు తీస్తుంటే దొడ్లోకి దూరి మూడు ముక్కలు కోసి సంచిలో వేశాను. గేటు తీస్తున్నానో లేదో, ఒక కాలికే చెప్పుతో పరుగెత్తుకొచ్చాడు అరవై ఎనిమిదేళ్ల మనిషి. సంచి లాక్కుని, ముక్కల్ని పొయ్యిలో పడేసి, నా కత్తిని సబ్బుతో తోమి తోమి కడిగాడు.

"ఏంటి మామయ్యా ఇది! నా తోట ఎండబెడతావా?" నాకు ఏడుపొచ్చేసింది.

ఆయన ఆయాసపడుతూ మెట్టు మీద కూలబడి, ఒక ఆకు తుంచి చూపించాడు. చిన్నగా ముడుచుకుపోయి, పసుప్పచ్చ మచ్చలతో ఉంది.

"వైరస్ తెగులు. పదేళ్ల కిందట ఆకులు పరీక్షకి పంపిస్తే చెప్పారు. దీనికి మందు లేదే. ముక్క ఎక్కడికి వెళ్తే తెగులు అక్కడికి వెళ్తుంది. ఆపైన పిండినల్లి పురుగు దాన్ని ఒక తీగ నుంచి ఇంకో తీగకి మోస్తుంది. కత్తికి కూడా అంటుతుందేమోనని నా భయం. ఎండిన మిరియాలతో ఏ గొడవా లేదు, అందుకే అవి అడిగినన్ని ఇస్తాను."

"మరి ఆ మాట అందరికీ చెప్పొచ్చుగా! ఇన్నేళ్లు పీనాసి అనిపించుకున్నావు."

"ఏమని చెప్పను? మా చెల్లి తెచ్చిన తీగతోనే వచ్చిందనా? నాలుగ్గంటలు ఒళ్లో పెట్టుకుని తెచ్చిందే, పిచ్చిది! ఇప్పటికీ ఆ చెయ్యి చూసుకుని మురిసిపోతుంది. ఏటా రెండు మూడు తీగలు చప్పుడు చెయ్యకుండా పీకేస్తున్నాను. ఇంకో నాలుగే మిగిలాయి."

అంటే టైలరుతో ఆయన చెప్పింది అక్షరాలా నిజమన్నమాట. నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

మామయ్య లేచి వెనక వరండాలోకి తీసుకెళ్లాడు. అక్కడ నీడలో రెండొందల మిరియాల మొక్కలు, ప్రతిదానికీ నర్సరీ చీటీ. "పరీక్ష చేసిన మొక్కలు. నీ గుంటలు లెక్కపెట్టే తెప్పించాను. నేనిచ్చానని మాత్రం అన్నావంటే చూడు! ముక్క ఇవ్వనివాడు రెండొందల మొక్కలిచ్చాడంటే మీ అమ్మకి అనుమానం వస్తుంది."

మొక్కలు ఎవరో నర్సరీవాళ్లిచ్చారని అమ్మకి చెప్పాను. నాటిన రోజు అమ్మా వచ్చింది, మామయ్యా వచ్చాడు. అమ్మ మొక్కల్ని మురిపెంగా చూసి, అన్నగారి మీద విరుచుకుపడింది.

"చూశావా అన్నయ్యా, ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎంత మంచి మొక్కలిచ్చారో! నువ్వూ ఉన్నావు ఎందుకు?"

"నిజమేనే" అన్నాడు మామయ్య.

ఆయన అంత మెత్తగా ఒప్పుకునేసరికి అమ్మకి జాలేసింది. "సర్లే, ఇవి పెరిగాక నీకు నేనే తీగ ముక్క ఇస్తాను. నా చేత్తో."

మామయ్య నావైపు ఒక్క చూపు చూసి, నవ్వాపుకున్నాడు.

"ఇవ్వవే. ఈలోపు చోటు ఖాళీ చేసి పెట్టుకుంటాను."