మస్తాన్ గారు బిగించనన్న చక్రాలు

నిన్న ఒంగోలులో కారుకు టైర్లు మార్పిస్తూ కూర్చున్నాను. కొత్త రబ్బరు వాసన తగలగానే మస్తాన్ గారు గుర్తొచ్చారు. ఆయన పోయి రెండేళ్ళవుతోంది. గుంటూరు నుంచి పెదకాకాని వెళ్ళే దారిలో ఆయనకు టైర్ల షాపు ఉండేది. నేను పళ్ళ డాక్టర్ని. ప్రాక్టీసు కుదురుకున్నాక, చిన్నప్పటి మోజు కొద్దీ ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దానికి పంతొమ్మిది అంగుళాల వెడల్పాటి అల్లాయ్ వీల్స్ తెప్పించి, ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన వెంటనే కాదనలేదు. చూద్దామని నాలుగూ పెట్టి, మడ్‌గార్డుల లోపలి అంచులకు సుద్ద రాసి, "ఆ స్పీడ్ బ్రేకర్ల మీదుగా మెల్లగా తిప్పుకు రండి డాక్టరమ్మా" అన్నారు. తిరిగొచ్చేసరికి వెనక టైర్ల మీద తెల్లటి గీతలు పడి ఉన్నాయి. ఆయన చతికిలబడి వాటిని వేలితో చూపించారు.

"మీరొక్కరే ఉంటేనే తగులుతోంది. పక్కన ఇంకో మనిషి కూర్చుంటే టైరు కోసుకుపోతుంది. ఇవి నేను బిగించనమ్మా."

"చూడ్డానికి ఎంత బాగుందండీ."

"ఆగి ఉంటే బాగుంటుందమ్మా. కానీ కారు నడిచేది కదా."

పాత చక్రాలే మళ్ళీ వేసి పంపారు. నాకు ఉక్రోషం వచ్చింది. వారం తిరక్కుండా మరో షాపులో ఆ కొత్తవే బిగించుకున్నాను.

ఆ ఆదివారం అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఒంగోలులో చుట్టాల పెళ్ళికి బయలుదేరాను. మార్టూరు దాటాక మిరపకాయల టిక్కీ బస్తాలు వేసుకుని పోతున్న ట్రాక్టరు హఠాత్తుగా ఆగింది. తప్పించబోయి మార్జిన్లోకి దిగాను. వెనక టైరు పేలింది. కారు గిర్రున తిరిగి పత్తి చేను గట్టు దగ్గర ఆగింది. ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు గానీ, అమ్మ కారు దిగి గట్టు మీద కూర్చుంది, మళ్ళీ ఎక్కనంది. సిగ్గు చంపుకుని మస్తాన్ గారికే ఫోన్ చేశాను.

ఆయన మా ఇంటికి వెళ్ళి, పాత చక్రాలు ట్రాలీ ఆటోలో వేసుకుని అంత దూరమూ వచ్చారు. దిగీ దిగగానే కారు వంక చూడలేదు. అమ్మ దగ్గరికి వెళ్ళి, "మంచినీళ్ళు తాగారా అమ్మగారూ?" అని అడిగారు. చక్రాలు మారుస్తున్నంతసేపూ "ముందే చెప్పాను కదా" అన్న మాట కోసం ఎదురుచూశాను. ఆయన అనలేదు. చివరికి నేనే, "మీరు చెప్పినా వినలేదండీ" అన్నాను.

"రేపు తీసుకురండమ్మా. పదిహేడు అంగుళాల్లో మంచివి చూద్దాం. మీ కారుకి అవి నప్పుతాయి" అన్నారు, నట్లు బిగిస్తూనే.

పోయిన నెల నా క్లినిక్కి ఒక పెద్దాయన వచ్చారు. నేను వద్దన్న కట్టుడు పళ్ళు వేరేచోట పెట్టించుకుని, చిగుళ్ళు వాచి, నా ముఖం చూడలేక నేల చూస్తున్నారు. "ముందే చెప్పాను కదా" అన్నది నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నొప్పి ఎప్పటి నుంచండీ?" అన్నాను.

ఆయన తలెత్తి, మెల్లగా నోరు తెరిచారు.