విమానం కిటికీలోంచి ధ్రువకాంతి

రొయ్యల మేత పరీక్షించే ఉద్యోగం నాది, ఊరు బందరు. కంపెనీవాళ్ళు మూడు వారాల శిక్షణకి నార్వే పంపుతున్నారని చెప్పడానికి గూడూరు వెళ్ళినప్పుడు, నాకు హైస్కూల్లో సైన్సు చెప్పిన సుగుణ టీచర్ గారు ఒక్కటే కోరారు.

"ధ్రువకాంతిని అందరూ నేలమీద నిలబడి ఫొటో తీస్తారు. నువ్వు విమానంలోంచి, పక్కనుంచి తియ్యి. ఆ వెలుగుతెర ఎంత ఎత్తున వేలాడుతుందో బోర్డు మీద గీసేదాన్ని గానీ నేనెప్పుడూ చూళ్ళేదు. ఈమధ్య అన్నీ మర్చిపోతున్నానే. గుర్తుండగానే చూపించు."

శిక్షణ జరిగినన్నాళ్ళూ మబ్బే. తిరుగు ప్రయాణంలో సాయంత్రం ఆరున్నరకి, ఉత్తర కొసనున్న ట్రోమ్సోలో ఓస్లో విమానం ఎక్కాను. రెక్క వెనక ఎడమ కిటికీ అడిగి తీసుకున్నాను. మబ్బులు దాటగానే కనిపించింది. లోపలి లైట్లు అద్దంలో పడకుండా కోటు తలమీదుగా కప్పుకుని, లెన్సు అద్దానికి ఆనించాను. పక్కసీటు పెద్దాయన తన లైటు ఆర్పేసి, "మేం దాన్ని చూడటం ఎప్పుడో మానేశాం" అన్నాడు ఇంగ్లీషులో. నలభై ఫొటోల్లో ఒకటి కుదిరింది. కింద మబ్బులు, పైన చుక్కలు, మధ్యలో నిలువుగా వేలాడుతున్న ఆకుపచ్చ తెర.

మూడోరోజు పదకొండింటికి గన్నవరంలో దిగాను. ఇంటికి వెళ్ళకుండా బస్సులో గుడివాడ వెళ్ళి, స్టూడియోలో ఫొటో పెద్దది చేయించాను. పామర్రు మీదుగా గూడూరు చేరేసరికి నాలుగైంది.

టీచర్ గారి చెల్లెలు మేరీ గారు తలుపు తీశారు. "నువ్వెళ్ళిన వారానికే బాగా ఎక్కువైందమ్మా. నన్ను కూడా పోల్చుకోవట్లేదు."

టీచర్ గారు మంచం మీద కూర్చుని ఉన్నారు. ఫొటో ఒళ్ళో పెట్టాను. వేలితో నిమిరి, "చేను బాగా పచ్చగా ఉంది. ఎవరిది?" అన్నారు.

చేను కాదని చెప్పాను. సూర్యుడి నుంచి వచ్చే కణాలు, భూమి అయస్కాంతం, గాలిలోని ఆక్సిజన్, అన్నీ తొమ్మిదో తరగతిలో ఆవిడ చెప్పిన మాటల్లోనే చెప్పాను. రెండోసారీ చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

"చాలా బాగా చెబుతున్నారండీ. మీరు ఏ స్కూల్లో పనిచేస్తారు?"

ఆవిడ నన్ను మీరు అనడం అదే మొదలు.

"ఇక్కడేనండీ, మీ స్కూల్లోనే" అన్నాను.

ఫొటో అక్కడే వదిలేసి ఐదున్నరకి బందరు బస్సెక్కాను. ట్రోమ్సో నుంచి రాత్రి విమానంలో వచ్చేవాళ్ళు ఎడమ కిటికీ అడగండి, కోటు దగ్గర పెట్టుకోండి. ఆవిడ అడక్కపోతే నేను విమానంలో ఆ రెండు గంటలూ నిద్రపోయేదాన్ని. నేను తీసినవాటిలో ఇంత మంచి ఫొటో మరొకటి లేదు. ఇంట్లోవాళ్ళు చూపించమంటున్నారు, చూస్తే బాగుందనే అంటారు. ఫోన్లో ఉంది గానీ, వాళ్ళకి చూపించాలని లేదు.