బిస్కెట్ల డబ్బా సమాధి

మా మరదలి కత్తెర చప్పుడు వినపడితే వీధిలోని చిరుగులన్నీ వాటంతటవే లేచొచ్చి వరసలో నిలబడేవని పిల్లలకు చెబుతుంటాను. అందులో సగం అబద్ధం. చిరుగులు నడవవు, మనుషులే తెచ్చేవారు. మిగతా సగం నిజం. ఆమె చేతికి రాని చిరుగు మా వీధిలో లేదు. మెట్ల కింద ఇరుకు గదిలో, కాలితో తొక్కే మిషను ముందు కూర్చుని, ఒకరి ప్యాంటు పొట్టి చేసి, ఇంకొకరి చొక్కా వదులు చేసి బతుకు వెళ్లదీసింది. పిల్లలు ఆమెను సూదమ్మ అనేవారు. ఆదివారాలు చర్చి వెనక గదిలో చిన్నపిల్లల క్లాసు ఆమెదే.

కుట్టగా మిగిలిన ముక్కలతో బైబిల్లోని మనుషులందర్నీ కుట్టింది. పేతురును ఒక పోలీసాయన పాత చొక్కాలోంచి తీసింది. శిక్ష వేసిన పిలాతుకు వకీలుగారి కోటు లోపలి పట్టుగుడ్డ. యేసు ఒక దిండు గలీబులోంచి వచ్చాడు, తెల్లగా, పల్చగా. నిలబడటానికి బరువు కావాలని వీపున ఒక కోటు గుండీ. ఆయన్ను పట్టించిన యూదాను మాత్రం అందరి ముక్కలూ కలిపి అతికింది. ఇదేమిటమ్మా అంటే, "వాడిలో అందరిదీ తలా కాస్త ఉండాలి కదా బావగారూ" అంది. అన్నాక నా చొక్కా అంచు వంక ఓసారి చూసింది. వెతికితే అందులో నా పాత చొక్కా ముక్క కూడా దొరికింది.

నేను చదువుకున్న కాన్వెంటులో సిస్టర్లు ఇదే కథను బెత్తంతో చెప్పారు. మాకు శిలువ మీద జాలి కలగలేదు, మా అరచేతుల మీద కలిగింది. మా మరదలి పద్ధతి వేరు. ఈస్టర్‌కు ముందు శుక్రవారం, నల్లదుప్పటి కప్పిన బల్ల మీద బొమ్మలను నిలబెట్టి, కథను ఎక్కడా తగ్గించకుండా చెప్పేది. ఆఖర్న యేసు బొమ్మను ఒక రేకు బిస్కెట్ల డబ్బాలో పడుకోబెట్టి, మూత పెట్టి, పిల్లల కళ్ల ముందే బీరువాలో పెట్టి తాళం వేసేది. శనివారం పాటల సాధనకు వచ్చిన పిల్లలు ఒక్కొక్కరూ ఆ డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. లోపల గుండీ టక్ టక్‌మనేది. "ఉన్నాడా?" అనేది. "ఉన్నాడు" అనేవారు, ముఖాలు వేలాడేసుకుని. పిల్లలు వెళ్లిపోయాక బొమ్మను తీసి, చర్చి వెనక పూలకుండీల్లో ఎక్కడో నిలబెట్టేది. ఆదివారం పొద్దున డబ్బా ఊపితే చప్పుడుండదు. పిల్లలు కేకలు పెట్టుకుంటూ కుండీల మీద పడేవారు. సమాధిలోంచి లేచిన పొద్దున మరియ ఆయన్ను చూసి తోటమాలి అనుకుంది కదా, అందుకని కుండీల్లో.

"చావు సంగతి అంత విప్పి చెప్పాలా?" అని ఒకసారి అడిగాను.

"మా నాన్న పోయినప్పుడు పక్కూరెళ్లాడని చెప్పారు బావగారూ. రోజూ పలక పట్టుకుని గుమ్మంలో కూర్చునేదాన్ని. నా ఎదురుచూపు చూసి ఎవరికీ అబద్ధం చెప్పామే అనిపించలేదు" అంది. సూదిలో దారం ఎక్కిస్తూ అంది కాబట్టి ముఖం కనపడలేదు.

ఈ ఏడు మా మనవరాలు ఆ క్లాసులో చేరింది. గింజంత ఉంటుంది కాబట్టి గింజ అంటాం. శుక్రవారం ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి ఏడుస్తూ పడుకుంది. నా కోడలు వచ్చి నా మీద పడింది.

"మామయ్యా, మీ మరదలికి మీరైనా చెప్పండి. పసిదానికి ఆ మేకులేంటి, ఆ రక్తమేంటి?"

"మరి మన చర్చి కప్పు మీద ఉన్నది ఏంటనుకున్నావమ్మా, టీవీ యాంటెనానా?"

"మీతో చెప్పడం నాదే బుద్ధితక్కువ" అని ఫోను తీసి చర్చి సెక్రటరీకి చెప్పింది. ఇంకో ఇద్దరు తల్లులు అప్పటికే చెప్పి ఉన్నారట. ఆ సెక్రటరీ దొరికిన మైకును వదలడు. స్నానాల గదిలో కూడా మైకు పెట్టించుకున్నాడని నేను పుట్టించిన పుకారును ఊళ్లో సగం మంది ఇప్పటికీ నమ్ముతున్నారు.

శనివారం పిల్లలు డబ్బా ఊపి వెళ్లిపోయారు. గింజ మాత్రం నా వేలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. అప్పుడు వచ్చాడు సెక్రటరీ.

"అక్కా, ఆ బీరువా తాళంచెవి ఇలా ఇవ్వండి. రేపటి నుంచి క్లాసు తెర మీద. ఈస్టర్ కుందేళ్లు, రంగు గుడ్లు, పాటలు. పిల్లలు నవ్వుకుంటూ ఇంటికెళ్లాలి."

"ఇస్తాను బాబూ. ఒక్క నిమిషం, లోపల ఒకటి తీయాలి."

"ఏంటది?"

మా మరదలు గింజ వంక చూసింది. గింజ ఆమె వంకే కళ్లార్పకుండా చూస్తోంది. చెబితే ఆదివారం ఇప్పుడే అయిపోతుంది. తాళంచెవి అతని చేతిలో పెట్టింది.

గింజను ఇంట్లో దింపి, ఇద్దరం సెక్రటరీ ఇంటికి పోయాం. గుమ్మంలోనే నిలబెట్టాడు. ఆమె సంగతంతా చెప్పింది. డబ్బా, గుండీ, కుండీలు. అతను నవ్వాడు.

"ఓస్, ఇంతేనా! రేపు తెర ముందు ఆ డబ్బా ఎవరికి గుర్తుంటుందక్కా? ఆ బొమ్మలకేం కాళ్లొచ్చి పారిపోవులెండి."

"పారిపోవాలనే కదా బావగారూ నేను అడిగింది" అంది దారిలో.

ఆదివారం తెర వెలిగింది. కుందేళ్లు ఎగిరాయి, గుడ్లు దొర్లాయి. తల్లులు చప్పట్లు కొట్టారు. మా మరదలు వెనక గోడకు ఆనుకుని, కొంగును వేలికి చుట్టుకుంటూ నిలబడింది. పాట అయిందో లేదో ఒక పిల్లాడు "డబ్బా ఏదీ?" అన్నాడు. పక్కవాడు అందుకున్నాడు. కాసేపటికి గదంతా ఒకటే గోల, "డబ్బా! డబ్బా!" అని. సెక్రటరీ మైకులో ఊరుకోమన్నాడు, బతిమాలాడు. ఆఖరికి, పిల్లల సరదా తీర్చేద్దామనుకున్నాడో ఏమో, బీరువా తెరిచి డబ్బా పైకెత్తి, వాళ్లను ఉత్సాహపరచడానికి మైకు దగ్గర పెట్టి మరీ ఊపాడు.

టక్ టక్.

మైకులో ఆ గుండీ గది నలుమూలలా మోగింది. పిల్లలందరూ ఒక్కసారిగా ఊరుకున్నారు. ఆ చప్పుడు శనివారంది. ఆదివారం వినపడకూడదు. అది అతనికి తెలియదు. గోల తగ్గిందని సంతోషించి, మూత తీసి అందరికీ చూపించాడు. దిండు గలీబు యేసు బోర్లా పడి ఉన్నాడు.

"ఆయన లేవలేదు" అంది గింజ.

నాకు నోరు దురద పెట్టింది. నాకు అబద్ధానికి కరువా? లేచి బయటికెళ్లి మనందర్నీ చూసి చలేసి మళ్లీ వచ్చి పడుకున్నాడని చెప్పేయగలను. "ఒరేయ్ పిల్లలూ" అంటూ సగం లేచాను.

"మీరు కూర్చోండి బావగారూ" అంది వెనకనుంచి. "దీనికి మీ సరుకు పనికిరాదు."

ముందుకు వచ్చి పిల్లల మధ్య నేల మీద కూర్చుంది.

"ప్రతి ఏడాదీ బొమ్మను నేనే తీసి కుండీల్లో పెట్టేదాన్నమ్మా. ఈసారి తీయడం కుదరలేదు."

"ప్రతిసారీ నువ్వేనా?" అన్నాడు పెద్దపిల్లాడొకడు. వాడి గొంతులో అంత కోపం నేనెప్పుడూ వినలేదు.

"నేనేరా."

"మరి అసలు సమాధిలోంచి ఎవరు తీశారు?"

"నేను కుట్టింది బొమ్మను. అసలాయన సంగతి, ఆ పొద్దున నేనక్కడ లేను నాన్నా. ఉన్నవాళ్లు చూశామని చెప్పారు. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను."

అది విన్న పిల్లలు ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఒక్కొక్కరే లేచి తల్లుల దగ్గరికి పోయారు. తల్లులకు మాత్రం మాటలు దొరికాయి. ఆయన చచ్చిపోయాడని పిల్లలకు చెప్పొద్దన్నవాళ్లే, ఆయన లేవడం ఉత్తిదని చెప్పేసిందని కేకలేశారు. నా కోడలు అందరికంటే గట్టిగా. నేను తెరిచిన నోరు మూసుకుని కూర్చున్నాను. వారం తిరక్కుండా కమిటీ కూర్చుంది. పిల్లల విశ్వాసం చెడగొట్టిందని ఆమెను క్లాసు నుంచి తీసేసింది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఎవరూ అడగలేదు.

బొమ్మల కోసం ఆమె వెళ్లేసరికి చాలావరకు లేవు. పేతురుతో తెర తుడుస్తున్నారు. పోలీసు బట్ట కదా, గట్టిగా ఉందని ఊడ్చే ఆమె మెచ్చుకుంది. యూదా ఒక్కడు చెక్కుచెదరకుండా దొరికాడు. ఏ ముక్క చూసినా తమ ఇంటిదే అనిపించి ఎవరూ పారేయలేదేమో. డబ్బా కూడా తెచ్చుకుంది, అందులో గుండీలు పోసుకుంది.

మొన్న గింజ గౌను అంచు ఊడితే ఇద్దరం ఆ మెట్ల కింది గదికి పోయాం. ఆమె మిషను తొక్కుతుంటే, గింజ బల్ల మీది డబ్బా తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. గలగలా మోగింది.

"గుండీలమ్మా. కావాలంటే మూత తీసి చూడు" అంది మా మరదలు, తలెత్తకుండా.

గింజ తీయలేదు. డబ్బాను ఎక్కడిదక్కడ పెట్టేసింది. మా మరదలు కుట్టిన చోటే ఇంకోసారి కుట్టింది.

తిరిగొస్తుంటే దారిలో నా వేలు లాగింది.

"తాతా, కథ చెప్పు."

"నిజందా? నాదా?"

"నీదే చెప్పు" అంది. "నీదైతే ఉత్తిదని ముందే తెలుస్తుంది."