నీలం నాలుకతోని సంబంధం

మొన్నటిసంది నేను మొకానికి మాస్కు కట్టుకొని, చాయ్ డబ్బల పోయించుకొని సప్పుడు చెయ్యకుంట ఇంటికి పోతున్న అని మీరంత ఫికర్ పడుతున్నరంట గద. ఇంట్ల లొల్లి అయ్యిందని ఒకరన్నరు, పండ్లు పీకిచ్చుకున్నడని ఇంకొకరన్నరు. ఇగో, మాస్కు తీసి నోరు తెరుస్తున్న, చూడుర్రి. భయపడకుర్రి, రోగం కాదు. ఇప్పుడు జర తగ్గింది. మొన్న పొద్దుగాల చూస్తె మీరు చాయ్ కప్పులు ఆడనే పెట్టి ఉరుకుతుంటిరి.

అంత ఆ చేపలతోనే వచ్చింది.

పెండ్లికి ముందు నాకు చేపల పిచ్చి ఉండె. కిటికీ అద్దాలు కోపిచ్చి, లప్పం పెట్టి, ట్యాంక్ నేనే చేసుకున్న. గప్పీ చేపలు పెంచిన. ఇగ పెండ్లయ్యింది, పిల్లలైన్రు, అల్లం దందా మీద పడ్డది. ఆ ట్యాంక్‌ల నా భార్య సుశీల ఉల్లిగడ్డలు పోసుకున్నది. ఇప్పుడు దుకాణం కొడుకు చూసుకుంటుండు, నాకు పొద్దు పోతలేదు. అందుకే ఈ వయసుల మళ్ల మొదలువెట్టిన. హాల్‌ల పెద్ద ట్యాంక్, ఫిల్టర్, లైటు, లోపట నిజం చెట్లు. ఆ కాలంల ఏదో ఇంత ఏస్తె తిని బతికేటియి. ఇప్పుడు నీళ్లకు టెస్టులు, వేడికి మిషన్, ఫోన్ల వీడియోలు. మనుమడు పుట్టినప్పుడు కూడ ఇంత ఫికర్ చెయ్యలేదని సుశీల అంటది. అబద్ధమైతే కాదు.

మొన్న పొద్దుగాల లేచి ట్యాంక్ లైటు ఏసిన. ఏంజెల్ చేపల రెక్కల మీద అన్ని తెల్ల చుక్కలు, ఉప్పు సల్లినట్టు. వైట్ స్పాట్ అంటరు, అది ఒకదానికొస్తె అన్నిటికి అంటుకుంటది. చేపల దుకాణపాయన ముందే ఒక నీలం మందు సీసా ఇచ్చి పెట్టిండు. "చుక్కలొస్తె నీళ్లల్ల కొన్ని బొట్లు ఎయ్యి అంకుల్" అన్నడు.

ఆ రోజే మా ఇంటికి చుట్టాలొచ్చేది ఉన్నది. ఝరాసంగంల నా చెల్లె ఉంటది. ఆమె బిడ్డ శ్రావణికి చిరాగ్‌పల్లి సంబంధం. రెండు దిక్కులోళ్లకు జహీరాబాద్ అనుకూలమని మా ఇంట్లనే కూసొని మాట్లాడుకుందమన్నరు. పిలగాడు పిల్లకు నచ్చిండు, పిల్ల పిలగానికి నచ్చింది. ఇగ మేనమామనైన నేను నాలుగు మాటలు మాట్లాడి సరే అంటె ఖాయం. మా ఖాందాన్‌ల ఏ సంబంధమైనా నేనే మాట్లాడాలె. నాకు మాటలొస్తయ్ గద. ముందురోజు శ్రావణి ఫోన్ చేసింది. "మామా, నాకు ఈ పిలగాడే కావాలె. జర మంచిగ మాట్లాడు."

"నా నోరున్నది గద బిడ్డా, నువ్వు నిమ్మళంగ ఉండు" అన్న.

ఆ మందు సీసాకు సన్న మూతి, కొస కోసి వాడాలె. కత్తెర దొరకలే. జిందగీ అంత అల్లం బస్తాల కుట్టు పండ్లతోనే ఇప్పిన మనిషిని, నాకు కత్తెరెందుకు? సీసాను చేత్తోని గట్టిగ పట్టుకొని, కొస పండ్ల కింద పెట్టి కొరికిన. గట్టిగ పట్టుకునుడే తప్పయ్యింది. సర్రుమని నోటి నిండ మందు వచ్చింది.

ఉమ్మిన. వాష్‌బేసిన్ నీలం. అద్దంల చూసుకుంటె నాలుక నీలం, పండ్లు నీలం, పెదవులు నీలం, తెల్ల మీసాలు సుత నీలం. సుశీల వచ్చి చూసి, "ఏం తాగినవయ్యా" అనుకుంట గోడకు ఒరిగి కింద కూలవడ్డది. నేను సీసా చూపిచ్చిన. అప్పుడు లేచింది. లేచినంక తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పెటట్టు లేవు.

దుకాణపాయనకు ఫోన్ చేసిన. "మింగినవా అంకుల్?" అన్నడు.

"లేదు, ఉమ్మిన."

"అయితే పర్వాలే. చేపలకే ఏం కాదు, మీకేమైతది? రంగు మాత్రం రెండు మూడు దినాలుంటది."

రెండు మూడు దినాలంట. వాళ్లు అప్పటికే ఇంట్లకెళ్లి బయల్దేరిన్రు.

పేస్టుతోని తోమిన. నిమ్మకాయ రాసిన, ఉప్పు రాసిన, పెరుగు పుక్కిలిచ్చిన. బోళ్లు తోమే పౌడర్ చేతిల పట్టుకుంటె సుశీల గుంజుకున్నది. మీసాలు గొరిగేసిన, కింద తోలు కూడ నీలమే. ఆఖరుకు సుశీల కరోనా నాటి మాస్కొకటి ఎతికి తెచ్చి నా మొకానికి కట్టింది. "జలుబు చేసింది, గొంతు పోయిందని నేను చెప్త. నువ్వు నోరు తెరిచినవంటె చూడు" అన్నది.

మా చెల్లె, బావ, శ్రావణి వచ్చిన్రు, ఎనుకనే పిలగానోళ్లు రానే వచ్చిన్రు. పిలగాని తండ్రి శరణప్ప తెల్ల అంగీల ఇస్త్రీ నలగకుంట కూసున్నడు. పక్కన ఆయన భార్య, ఆయన తల్లి ముసలవ్వ, పిలగాడు.

"ఏం సేట్, పెండ్లి ఎప్పుడు పెట్టుకుందం?" అన్నడు శరణప్ప. నేను తలకాయ ఊపిన.

"మండపం ఇక్కడనా, మా దిక్కునా?" మళ్ల ఊపిన.

మా చెల్లె కండ్లు పెద్దగ చేసి నా దిక్కే చూస్తున్నది. నా కష్టం ఆమెకేం తెలుసు? శరణప్ప చెరుకు గురించి తప్పు చెప్తుండు, అల్లం గురించైతే ఇంక తప్పు చెప్తుండు, నేను మాస్కు లోపట పండ్లు గట్టిగ పట్టుకొని కూసున్న. చాయ్ వచ్చింది, వద్దని చెయ్యి ఊపిన. వాళ్లు మంచిగనే మాట్లాడుతున్నరు, మావోళ్లు మంచిగనే మాట్లాడుతున్నరు. ఇగ గట్టెక్కినట్టే అనుకున్న.

"అయితే ఖాయం. సక్కెర తేండ్రి" అన్నడు శరణప్ప.

మన దిక్కు మాట కుదిరితె పిలగాని తండ్రి పిల్ల మేనమామ నోట్లె సక్కెర పెట్టాలె గద. ఈ సంగతి నేను మర్చిపోయిన. అన్నీ యాదుంచుకునే సుశీల కూడ మర్చిపోయింది. ఆయన చిటికెడు సక్కెర పట్టుకొని నా ముంగటికొచ్చి నిలబడ్డడు. నేను మాస్కు రెండు చేతులతోని పట్టుకున్న.

"ఏంది సేట్, మా చేతి సక్కెర తినవా?" అని నవ్వుకుంట అడిగిండు. రెండోసారి అడిగినప్పుడు నవ్వు లేదు. చెయ్యి అట్లనే ఉన్నది. వంటింటి తలుపు కాడ శ్రావణి నిలబడ్డది. ఏడుపొక్కటే తక్కువ. ఆ పిల్ల మొకం చూసినంక ఇంకేం చేస్త? మాస్కు తీసి నోరు తెరిచిన.

శరణప్ప చేతిల సక్కెర కింద పడ్డది.

ఆయన భార్య పిలగాన్ని రెక్క పట్టి ఎనుకకు గుంజింది. ముసలవ్వ అద్దాలు పెట్టుకొని దగ్గరికొచ్చి నా నోట్లకు తొంగి చూసింది. "ఇదేం రోగం నాయనా? మీ ఖాందాన్‌ల ఉన్నదా? పిల్లకు మేనమామ పోలికలొస్తయ్ గద. పిల్లా, ఇటు రా, నాలుక చూపియ్."

శ్రావణి అందరి ముంగట నాలుక బయటవెట్టింది. ఎర్రగనే ఉన్నది. అవ్వ అంతటితోని ఇడిచిపెట్టలే. మా చెల్లెను చూపియ్యమన్నది, బావను చూపియ్యమన్నది. "నేను వేరే ఇంటి పిల్లను అవ్వా" అని సుశీల అంటె, "నువ్వు గూడ చూపియ్" అన్నది. శరణప్ప ఫోన్ టార్చి కొడుతుంటె మావోళ్లంత వరసగ నిలబడి నాలుకలు బయటవెట్టిన్రు. నేను సోఫాల కూసొని సచ్చినా బాగుండు అనుకున్న.

ఆఖరుకు సుశీల సీసా తెచ్చి, చేపల చూపిచ్చి, జరిగిందంత చెప్పింది. శరణప్పకు నమ్మకం కుదరలే. "మందంటె గింత రంగా?" అనుకుంట ఏలు మీద ఒక్క బొట్టు ఏసుకుందమని సీసా ఒత్తిండు. కొస నేను కొరికి పెద్దగ చేసింది గద. తెల్ల అంగీ మెడకాడికెళ్లి బొడ్డు దాక నీలమయ్యింది. అప్పుడు నమ్మిండు.

ముందుగాల నవ్వింది ముసలవ్వనే. నవ్వి నవ్వి ఆమెనే సక్కెర తీసుకొని, నన్ను ముట్టుకోకుంట, దూరంకెళ్లి నా నోట్లె ఏసింది. శ్రావణి సంబంధం ఖాయమయ్యింది.

పొద్దుమీకి బావ ఫోన్ చేసిండు. "వాళ్లకు నువ్వు మస్తు నచ్చినవంట" అన్నడు. నాకు పాణం లేచొచ్చింది. నీలం నోటితోనైనా మన ఇజ్జత్ మనకున్నది అనుకున్న.

"ఏమన్నరు నన్ను?" అన్న.

"పిల్ల మేనమామ మస్తు మాట్లాడుతడు, ఆయన కూసుంటె కుదిరిన సంబంధం గూడ చెడుతదని ఎవరో చెప్పిన్రంట. భయపడుకుంటనే వచ్చిన్రంట. ఒక్క మాట మాట్లాడలే, గిసొంటి మనిషి ఇంకోడు దొరకడు అని శరణప్ప మెచ్చుకుంటుండు."

ఇగ ఎల్లుండి మేము బీదర్ పోవాలె. సుశీల తమ్ముని బిడ్డకు సంబంధం చూస్తున్నరు. నిన్న ఆమె బట్టలు సర్దుతుంటె సంచిల ఆ నీలం సీసా కనవడ్డది.

"ఇదెందుకే? అక్కడ చేపలెక్కడియి?" అన్న.

"చేపలకు కాదు" అన్నది.