ఉప్పు తిన్న పెరడు

రండి, ఆ పీట ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి. నేను చదివింది మూడో తరగతి, అదీ సగమే (మిగతా సగం మా అమ్మ పక్కన రొయ్యలు ఎండబెట్టడంలో అయిపోయింది). పెద్ద పెద్ద మాటలు నా దగ్గర దొరకవు గానీ, జరిగినదేదీ మరిచిపోను. ఎవరు ఏ మాట అన్నారో, అన్నప్పుడు వాళ్ళ చేతిలో ఏముందో కూడా చెప్పగలను. ఈ కథలో నా తెలివితక్కువతనం చాలా ఉంది, నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వండి.

ఆ రోజుల్లో మాకు ఒంటరితనం అనే మాట తెలియదు. డెబ్బైల నాటి సంగతి. ఆ బాధ ఉండేది గానీ దానికి పేరుండేది కాదు. "తోచట్లేదు" అనుకునేవాళ్ళం, అంతే. బందరు దిగువన సముద్రం ఒడ్డున మా పల్లె. తడికకి ఇటువైపు తుమ్మితే అటువైపు నుంచి "చిరంజీవ" అని వినబడే చోటు. అక్కడినుంచి పద్దెనిమిదేళ్ళప్పుడు మా మేనత్త కొడుక్కిచ్చి పెళ్ళి చేసి నన్ను బెజవాడ పంపించారు. మా బావ గవర్నర్‌పేటలో వలల దారం అమ్మే కొట్లో గుమస్తా. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని వెళితే దీపాలు పెట్టాక వచ్చేవాడు, అన్నం తింటూనే కునికేవాడు. మేము అద్దెకున్నది ఒక పెంకుటింటి వెనక వాటాలో. ముందు వాటాలో ఇంటావిడ ఒక్కరే ఉండేవారు. యాభై దాటిన మనిషి, భర్త పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. నీచు ముట్టని ఇల్లు. ఇంట్లో చేప వండబోమని మాటిచ్చి మరీ మా బావ ఆ వాటా పట్టాడు. (ఇచ్చే ముందు నన్నడగలేదు. చేప లేకుండా బతకగలనో లేదో అప్పటిదాకా నాకూ తెలియదు.) ఆవిడ నాతో రోజుకి రెండుసార్లు మాట్లాడేవారు. పొద్దున "గేటు గడియ పెట్టావా అమ్మాయ్?", సాయంత్రం "గేటు గడియ పెట్టావా అమ్మాయ్?". మిగతా పొద్దంతా నేనూ, గోడలూ, వీధిలో రిక్షా గంటలూ.

వెనక బావి పక్కన నాలుగు మంచాలు పట్టేంత ఖాళీ స్థలం ఉండేది. సున్నం పెళ్ళలూ, పెంకు ముక్కలూ తప్ప అందులో ఏమీ లేదు. "చీమలూ బురదా భరించలేకపోతున్నాను, దీపావళికి ఇక్కడ నాపరాళ్ళు పరిపించేస్తాను" అని ఆవిడ ఒకనాడు తనలో తాను అనుకుంటుంటే, నాకెక్కడి ధైర్యమొచ్చిందో, "ఈలోపు నేను నాలుగు గింజలు వేసుకోనాండీ?" అన్నాను.

"ఆ మట్టిలో గడ్డి కూడా మొలవదు."

"మొలిస్తేనోనండీ?"

ఆవిడ నన్ను అప్పుడు తేరిపార చూశారు. "దీపావళి నాటికి ఏదన్నా దారిలో పడితే రాళ్ళ మాట మానేస్తాను. లేకపోతే మేస్త్రి వస్తాడు. అప్పుడు ఏడవకూడదు మరి" అన్నారు.

ఆ నాలుగు మంచాల చోటు కోసం నేను పడ్డ పాటు మా బావ కోసం కూడా పడలేదు. పెళ్ళలన్నీ ఏరాను, గునపంతో తవ్వాను, తొలకరి పడగానే బెండ, గోంగూర, బీర వేశాను. మొలకలు రెండాకులు విప్పిన రోజు నాకు ఊళ్ళో చుట్టాలు దిగినట్టయింది. బీర పాదుని అమ్మా అనేదాన్ని. అడ్డంగా పెరిగే గోంగూరకి మా మేనత్త పేరు పెట్టాను (బావకి చెప్పలేదు). పొద్దున లేచి "ఏమ్మా, నిద్ర పట్టిందా?" అని అడగడం, వాటి జవాబులు కూడా నేనే చెప్పుకోవడం. ఒకసారి బావ మధ్యాహ్నమే వచ్చి, బావి దగ్గర నిలబడి విన్నాడు. "ఏంటే పిల్లా, ఎవరొచ్చారు?" అన్నాడు. "ఎవరూ రాలేదు బావా" అన్నాను. అంతకంటే నిజమైన మాట నేను మళ్ళీ అనలేదు.

శ్రావణంలో మా చిన్నాన్న బందరు బస్సులో వచ్చి, ఒక రేకు డబ్బా ఇచ్చి, మంచినీళ్ళు తాగి అదే బస్సుకి వెళ్ళిపోయాడు. మా అమ్మ పంపింది. మూత తీస్తే కానాగంత చేపలు, ఉప్పేసి ఎండబెట్టినవి, డబ్బా నిండా. ఆ వాసనకి నాకు మా ఇల్లంతా కళ్ళ ముందు కనబడింది. వండటానికి లేదు. సాయంత్రం బావతో చెబితే, "ఎవరికన్నా ఇచ్చెయ్యరాదూ" అన్నాడు. ఎవరికిస్తాను? మూడు నెలలై ఆ ఊళ్ళో ఉంటున్నాను, పిలిచి పిడికెడు చేపలు పెట్టడానికి ఒక్క మనిషి నాకు తెలియదు. ఆ సంగతి ఆ డబ్బా ముందు కూర్చున్నప్పుడే తెలిసింది.

అప్పుడు నా బుర్రకి ఒక గొప్ప ఆలోచన తట్టింది. మా అమ్మ చేపలు కడిగిన నీళ్ళు ఎప్పుడూ ఆనప పాదుకి పోసేది, ఆ పాదు తడిక విరిగేలా కాసేది. కడిగిన నీళ్ళకే అంత కాస్తే, చేపలే పెడితే ఎంత కాయాలి? మర్నాడు బావ వెళ్ళగానే సగం డబ్బా తీసి, ఒక్కో మొక్క మొదట్లో రెండేసి కానాగంతలు పాతిపెట్టి, నీళ్ళు పోశాను. అమ్మ పోసేది పచ్చిచేపలు కడిగిన నీళ్ళు, నేను పాతింది ఉప్పుచేపలు. ఊళ్ళోకెల్లా చేపకి ఉప్పు పట్టించడంలో చెయ్యి తిరిగిన ఇంటి పిల్లని, నాకా ఉప్పు సంగతి గుర్తు రాలేదు!

నాలుగో రోజుకి ఆకుల అంచులు కాల్చినట్టయ్యాయి. నీళ్ళు చాలలేదేమోనని ఇంకా పోశాను, ఉప్పు ఇంకా కరిగింది. ఆరో రోజు పొద్దున ఇంటావిడ పూజకి తులసికోట దగ్గరికి వచ్చేసరికి, పెరట్లో వీధి పిల్లులన్నీ చేరి ఉన్నాయి. గోడ మీద నాలుగు, బావి గట్టు మీద రెండు, తవ్వే పనిలో మరో మూడు. అందులో ముసలి గండుపిల్లి ఒకటి మొత్తం కానాగంతని తులసికోట మీద పెట్టుకుని తీరిగ్గా తింటోంది.

"అమ్మాయ్! ఏవిటే ఈ సభ?" అన్న కేకకి నేను పరిగెత్తుకొచ్చాను. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను గానీ, చేప తల అక్కడే ఉంది. "ఎరువండీ" అన్నాను.

"ఎరువా! నా తులసమ్మకి నైవేద్యమా!" అని ఆవిడ రాగి చెంబుతో పిల్లిని అదిలించారు. "దీపావళి దాకా ఎందుకు, ఇవాళే మేస్త్రిని పిలుస్తాను."

అన్నంత పనీ చేశారు. తాపీమేస్త్రి పురికొస పట్టుకుని వచ్చి కొలతలు మొదలెట్టాడు. నేను చచ్చిన బీర పాదు పక్కన మట్టిలో చతికిలబడ్డాను. ఏడవకూడదనే కదా ఒప్పందం, అయినా ఏడుపు ఆగలేదు. "రాళ్ళు వేయించకండమ్మా. మాట్లాడుకోవడానికి నాకు ఇదొక్కటే ఉంది" అన్నాను. మేస్త్రి కొస పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆవిడ దూరం నుంచే ఎండిన మట్టి మీద తెల్లగా పేరుకున్న పొడిని చూపించి, "అది చిటికెడు నాలిక మీద వేసుకుని చూడు" అన్నారు (తను ముట్టుకోరుగా!). వేసుకున్నాను. అచ్చంగా మా ఊరి ఒడ్డు రుచి. నవ్వొచ్చింది, ఏడుపు ఇంకా ఎక్కువైంది.

"చౌడు చేసి పెట్టావు" అన్నారావిడ. "చల్లపల్లి దిగువన మా నాన్నగారి పొలంలోకి కట్ట తెగి ఉప్పునీరు ఎక్కేది. మంచినీళ్ళు పెట్టి, నిలవగట్టి, తీసేసేవారు. రెండుమూడు మార్లు. తరవాత జీలుగు చల్లి, ఎదిగాక దాన్ని మట్టిలోనే తొక్కేసేవారు. నేలకి అంతకంటే మందు లేదు. మేస్త్రీ, నువ్వు వెళ్ళిరా. దీపావళికి చూద్దాం."

వచ్చిన పని పోయిందని మేస్త్రి మొహం వేలాడేశాడు. నేను పరిగెత్తి డబ్బాలో మిగిలిన సగం తెచ్చి అతని చేతిలో పెట్టాను. ఇచ్చెయ్యడానికి ఒక మనిషి దొరికాడు!

మట్టిలో మిగిలిన చేపముక్కలు నేనే తవ్వి పారేశాను, ఆ రోజునుంచి మేమిద్దరం నేలకి స్నానం చేయించాం. చుట్టూ గట్టు వేసి, నేను తోడి పోసేదాన్ని, ఆవిడ అరుగు మీద కూర్చుని "ఇంకా ఆరు బిందెలు" అనేవారు. దేవుడు కూడా జాలిపడి నాలుగు వానలు కురిపించాడు. చల్లపల్లి నుంచి వాళ్ళ తమ్ముడు పంపిన జీలుగు గింజలు చల్లితే నెలన్నరకల్లా నడుమెత్తు ఎదిగింది. బావ పురుగుల పొడి తెస్తే ఆవిడ గేటు దగ్గరే ఆపేశారు. "పిచ్చికలొస్తున్నాయి, కప్పలున్నాయి. వాటి తిండి నువ్వు చంపకు నాయనా" అన్నారు. తీరా తొక్కే రోజు వచ్చేసరికి నాకు కాళ్ళు కదల్లేదు. అప్పటికే ఆ జీలుగుతో నా ఊసులన్నీ చెప్పుకున్నాను. "రేపు వచ్చేవాటికి ఇది అన్నమే పిచ్చిదానా" అని, ఆవిడే చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని బురదలోకి దిగారు. ఇద్దరం చేతులు పట్టుకుని తొక్కాం. ఆ గంటసేపూ ఆవిడ వాళ్ళ నాన్నగారి గురించి, ఎడ్ల గురించి చెబుతూనే ఉన్నారు. అన్ని మాటలు ఆవిడలో ఉన్నాయని నేననుకోలేదు.

దీపావళి వచ్చింది. పెరడంతా నల్లగా ఉంది, ఒక్క పచ్చ ఆకు లేదు. మేస్త్రి అన్నమాట ప్రకారం వచ్చి నిలబడి, "రాళ్ళు దింపించమంటారా అమ్మగారూ?" అని, నావైపు తిరిగి మెల్లగా, "ఈసారి చేపలేమన్నా ఉన్నాయా తల్లీ?" అన్నాడు. ఆవిడ పార అందుకుని ఒక పెళ్ళ తిరగేశారు. దాని కింద ఎర్రగా, లావుగా వానపాములు మెలికలు తిరుగుతున్నాయి. "దారిలో పడింది" అన్నారు. తరవాత నాతో, "రాత్రికి చిక్కుడు గింజలు నానబెట్టు" అన్నారు.

ఆ చలికాలం చిక్కుళ్ళు ఎంత కాశాయంటే, పంచడానికి వీధిలో ఇళ్ళన్నీ ఎక్కాను, దిగాను. అలా నలుగురు తెలిశారు. మూడో ఏడు మా బావకి కొట్టు దగ్గర్లో పెద్ద వాటా దొరికింది. సామాను రిక్షా ఎక్కించి చెప్పడానికి వెళితే, ఇంటావిడ గుమ్మంలో నిలబడి, "పాదులకి నీళ్ళు ఎప్పుడెప్పుడు పొయ్యాలో చెప్పి వెళ్ళు" అన్నారు. నేను ఎంత తెలివైనదాన్నంటే, వేళ్ళు మడిచి, "పొద్దున రెండు బిందెలు, సాయంత్రం ఒకటి, వాన పడితే వద్దండీ" అని వివరంగా చెప్పి, రిక్షా ఎక్కేశాను. నాకు నేలంటే ఏమిటో నేర్పిన మనిషి నన్నడిగింది నీళ్ళ లెక్క కాదని తట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఇంకో నిమిషం నిలబడమన్నారంతే. ఇప్పుడు పెరట్లో బిందె ఎత్తినప్పుడల్లా, ఆ వేళ్ళు మడిచిన పిల్ల కనబడుతుంది. కోపం రాదు, నవ్వే వస్తుంది. కాస్త కళ్ళు కూడా చెమరుస్తాయి.

ఇంతేనమ్మా. మీ ఇంట నేల ఎప్పుడూ తియ్యగా ఉండాలి, వేసిన గింజ వృథా పోకూడదు, గుమ్మం దాకా వచ్చినవాళ్ళు ఇంకో నిమిషం నిలబడి వెళ్ళాలి. చల్లగా ఉండండి.